ఇంకా మెత్తగా

మార్చి 4, సోమవారం

ఒప్పుకున్నారు! పెద్దాయన ఒప్పుకున్నారు! రాగిరాయిని నూరే రెండో మిల్లులో ఉన్న పాత ఉక్కు గుండ్లన్నీ దింపేసి, క్రోమ్ గుండ్లు వేసి చూడమన్నారు. నాకు కాలు నేల మీద నిలవడం లేదు. మీటింగు గదిలోంచి బయటపడి రెండేసి మెట్లు దిగుతూ పాట అందుకున్నాను. స్టోర్సు గుమాస్తా తలెత్తి, "మేడమ్, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. ఇంత బాగా ఎప్పుడూ లేదు నాయనా అన్నాను.

ఇదంతా ఆపిల్‌పండు చలవ. ల్యాబులో నెలల తరబడి చేసిన పరీక్షలు, వాటికి నేను గీసిన రంగురంగుల గీతలు ఎవరికీ తలకెక్కలేదు. ఇవాళ అత్తయ్య పాత ఇనపకత్తి ఒకటి, స్టెయిన్‌లెస్ చాకు ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళాను. మీటింగు మొదలవగానే ఒకే పండును సగం దీనితో, సగం దానితో కోసి, పళ్ళెంలో పెట్టి ప్లాంటు పెద్దాయన ముందుకు తోశాను. ఆయన మిగతా గొడవలన్నీ మాట్లాడి పళ్ళెం వైపు చూసేసరికి ఇనపకత్తి ముక్క మసిబట్టినట్టు నల్లబడి కూర్చుంది.

"ఉక్కు గుండ్లు మన రాగికి చేస్తున్న ఉపకారం ఇదే సార్," అన్నాను. "రాయిని నూరుతూ గుండ్లూ అరుగుతాయి. ఆ ఇనుము తుప్పయి రాగి రేణువుల మీద పొరలా కూర్చుంటుంది. ఇక నా ట్యాంకుల్లో బుడగకి రేణువు అంటుకోదు. నురగతో పైకి తేలాల్సిన రాగి, పనికిరాని మట్టితో కలిసి చెరువు పాలవుతోంది. క్రోమ్ గుండ్లు తుప్పు పట్టవు సార్."

పెద్దాయన కడుపారా నవ్వి మిల్లుగారి వైపు తిరిగారు. "ఏమయ్యా, నీ మిల్లు మీ ఆవిడ రాగికి తుప్పు పూస్తోందట!"

అందరూ నవ్వారు. మిల్లుగారు నవ్వలేదు.

మిల్లుగారంటే మా ఆయనే. నూరడం ఆయన సెక్షను, తేల్చడం నాది. ఆఫీసులో "ఏమండీ" అనలేక మొదలుపెట్టిన పిలుపు, ఇప్పుడు డైరీలోకి కూడా వచ్చేసింది. ఆయన లేచి నిలబడి, చాలా మర్యాదగా, "అవి గుండ్లు కావు సార్, నగలు. మిల్లులో పడితే పగులుతాయి. అయినా నాకు అభ్యంతరం లేదు. కానీ ట్రయల్ అంటే ట్రయల్‌లా ఉండాలి. గుండ్లు ఒక్కటే మారాలి. మేడమ్ తన వైపు ఒక్క వాల్వు తిప్పకూడదు, ఒక్క చుక్క మందు ఎక్కువ వెయ్యకూడదు. నేను నా వైపు రాయి తెచ్చే బెల్టు ముట్టుకోను," అన్నారు.

మేడమ్ అట! "ఒట్టు," అన్నాను. "ఒట్టు," అన్నారు. అందరి ఎదుటా చేతిలో చెయ్యి వేసుకున్నాం. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఒక్క చిక్కు. రెండో మిల్లు కరెంటు తాగడమే గానీ దాని పిండి వెళ్ళే ట్యాంకుల్లో రాగి సరిగ్గా తేలడం లేదు. నెలాఖరుకి చెరువుకి వదిలే మట్టిలో, అదే టెయిల్స్‌లో పోయే రాగి తగ్గకపోతే దాన్ని ఆపేస్తారట. ఒక్క మిల్లుకి సూపరింటెండెంటు దండగ కాబట్టి మిల్లుగారిని కొండల అవతల కొత్త గనికి పంపిస్తారట. అక్కడ సంసారాలకి ఇళ్ళు లేవు. ఎప్పుడో సెలవులకి రావడమే.

నాకేం బెంగ లేదు. ఆలోచిస్తే మంచిదే. అలమారలో సగం ఖాళీ అవుతుంది. మంచం మొత్తం నాదే.

మార్చి 5

ఇంట్లో మాటల్లేవు. పదిమందిలో ఆయన మిల్లుని తుప్పు మిల్లు అన్నానట. అన్నది నేనా, పెద్దాయనా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి కూడా మాట్లాడాలి కదా, అందుకని చెప్పడం లేదు.

పొద్దున ముగ్గురం టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఆయన అత్తయ్య వైపు చూస్తూ, "అమ్మా, ఉప్పు ఇటివ్వమని చెప్పు," అన్నారు. ఉప్పు నా మోచేతి పక్కనే ఉంది. నేను కూడా అత్తయ్య వైపే చూస్తూ, "అత్తయ్యా, నగల షాపు వాళ్ళు ఉప్పు అమ్మరని చెప్పండి," అన్నాను.

అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనే లేచి వచ్చి ఉప్పు తీసి ఆయన ముందు ఠపీమని పెట్టారు. "ముందు నా కత్తి ఎక్కడుందో చెప్పవే అమ్మాయ్. ముప్ఫయ్యేళ్ళ కత్తి. ఆపిల్‌కాయలు కోయించి ఆఫీసులో వదిలేసి వస్తావా?"

ఆయన మూతి బిగించారు గానీ, ఆ మూతి వెనక నవ్వు ఉంది. నేను చూశాను. చూడనట్టు ఉండిపోయాను.

మార్చి 8, శుక్రవారం

ఇవాళ రెండో మిల్లు కడుపు ఖాళీ చేశారు. పాత గుండ్లు ఒక్కొక్కటీ ఒక్కో ఆకారం. కొన్ని గోళీలంత అరిగిపోయాయి, కొన్ని నాలుగు పలకలుగా తేలాయి, కొన్ని నమిలి ఉమ్మేసినట్టున్నాయి. నేల మీద పోస్తుండగానే ఎర్రబడటం మొదలైంది. నేను ఆనందం పట్టలేక ల్యాబులోంచి కళ్ళజోడుని లాక్కొచ్చి, "చూడు చూడు, నీ కళ్ళ ముందే తుప్పు!" అని చూపించాను. కళ్ళజోడు నా దగ్గర పరీక్షలు చేసే కెమిస్టు. ప్రపంచంలో దేన్ని చూసినా చలించదు. "అక్కా, తడి ఇనుము గాలి తగిలితే ఎర్రబడుతుంది. మీరు పుట్టకముందు నుంచీ జరుగుతోంది," అంది.

మిల్లుగారు హెల్మెట్ పెట్టుకుని పక్కనే నిలబడి ఉన్నారు. అరిగిపోయిన గుండు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయనకి వాటి మీద ప్రేమ. ఏ సైజువి ఎన్ని పాళ్ళు కలపాలో, ఏ చప్పుడుకి కడుపు నిండినట్టో, ఏ చప్పుడుకి ఆకలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా మిల్లు తిరుగుతూ తిని నిజంగానే ఒక కొండని కరిగించింది, అదంతా ఈయన వడ్డనే.

కంట్రోల్ రూము బయట నల్లబోర్డు ఒకటి ఉంటుంది. ఏ మిల్లు నిన్న ఎన్ని టన్నులు నూరిందో రోజూ పొద్దున్నే సుద్దముక్కతో మిల్లుగారే రాస్తారు. పెళ్ళిరోజు మర్చిపోతారు గానీ టన్నేజీ మర్చిపోరు. టిఫిన్ తింటూ ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు, "ఎంతొచ్చింది?" అని. పిల్లాడి మార్కులు అడిగినట్టు.

అదే రోజు, మళ్ళీ

ఎందుకో ఆయన చేతిలో ఆ అరిగిన గుండే గుర్తొస్తోంది. అనవసరం.

మార్చి 9

నా గుండ్లు వచ్చాయి! పీపాలు పీపాలు. మూత తీయగానే నా మొహం కనబడింది, కాస్త లావుగా. నునుపు, బరువు, మెరుపు. మీసాలాయన, రెండో మిల్లు ఆపరేటరు, ఒకటి ఎత్తి చూసి, "ఇంత అందమైనదాన్ని రాళ్ళల్లో పడెయ్యాలంటే మనసు రావట్లేదు మేడమ్," అన్నాడు. నాకూ రాలేదు. అందుకే ఒకటి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. భుజం పడిపోయింది, అయినా సరే.

ఇంటికి తెచ్చి అద్దం ముందు పెట్టాను. పావుగంట తర్వాత చూస్తే లేదు. వంటింట్లో అత్తయ్య దానితో మిరియాలు దంచుతున్నారు. "బాగుందే! చేతికి ఇమిడింది. ఇంకోటి తేలేకపోయావా?" అన్నారు. మొత్తానికి మా ఇంట్లో గ్రైండింగ్ మీడియా, అదే నూరే గుండు, ఎంపిక పూర్తయింది. ఓటింగు కూడా అక్కర్లేకపోయింది.

మార్చి 11, సోమవారం

మొదలైంది! మిల్లు చప్పుడే మారిపోయింది. ఇంతకుముందు గరగర, ఇప్పుడు గలగల. మిల్లుగారు మీసాలాయనతో, "ఈ ట్రయల్ నడిచినన్నాళ్ళూ బెల్టు దగ్గర నేనే ఉంటాను," అంటుంటే విన్నాను. కాపలా అన్నమాట. నేను ఒట్టు తప్పుతానేమోనని. నేనెందుకు తప్పుతాను? గెలిచే వాళ్ళు తప్పరు.

నా వైపు వాల్వులన్నిటికీ సీళ్ళు వేయించాను. ఒక్కటి కూడా తిప్పను. చూసుకోండి మిల్లుగారూ!

మార్చి 12

జల్లెడ ఖాళీ! మిల్లులోంచి వచ్చిన పిండిని కళ్ళజోడు జల్లిస్తే పైన ఏమీ మిగల్లేదు. మొత్తం జారిపోయింది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య రుద్దాను, పట్టులా ఉంది. ఉక్కు గుండ్లు జన్మలో ఇంత మెత్తగా నూరలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి మీటింగులో నేను అడిగేది ఒక్కటే, "ఇంకా మెత్తగా." రాయి ముతకగా ఉంటే రాగి లోపలే ఇరుక్కుపోతుంది. ఆయన చెప్పేది కూడా ఒక్కటే, "మెత్తగా కావాలంటే టన్నులు తగ్గుతాయి, నా వల్ల కాదు." నా గుండ్లతో టన్నులు తగ్గాయన్న మాట ఎక్కడా వినపడలేదు, మెత్తగానూ నూరాయి! ఇప్పుడేమంటారు?

ఏమీ అనలేదు. మాటల్లేవు కదా. ఈ కబురు చెప్పడానికి మనిషి లేక అత్తయ్యకి చెప్పాను. "మిరియాలు కూడా మెత్తగానే వస్తున్నాయి," అన్నారు.

మార్చి 13

టెయిల్స్‌లో రాగి తగ్గలేదు. మొదట్లో అంతే. కొత్త గుండ్లు సర్దుకోవాలి.

మార్చి 15

పెరిగింది.

మార్చి 17, ఆదివారం

నేను డీలా పడలేదు. పడ్డానని ఎవరైనా అంటే అది వాళ్ళ దృష్టిదోషం. పొద్దున్నే లేచి అలమార కొలిచాను. ఆయన చొక్కాలు తీసేస్తే నా చీరలన్నీ మడత నలగకుండా పడతాయి. ఆ గోడకి లేత ఆకుపచ్చ రంగు వేయిస్తే బాగుంటుంది. ఆయనకి ఆకుపచ్చ పడదు. ఇంట్లో ఉండని వాళ్ళ ఇష్టాయిష్టాలు గోడకెందుకు?

టేపు పట్టుకుని నిలబడి ఉంటే అత్తయ్య వచ్చారు. "ఏమిటే కొలుస్తున్నావు?"

"మీ అబ్బాయి వెళ్ళాక ఎంత చోటు మిగులుతుందా అని అత్తయ్యా."

"వాడు వెళ్తాడని ఎవరన్నారు?"

"రాగి అంటోంది."

అత్తయ్య ఆయన చొక్కా ఒకటి తీసి, మడత విప్పి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టారు. ఆ చొక్కా మడత బాగానే ఉండింది.

ఒక విషయం గమనించాను. ఈ మధ్య టిఫిన్ దగ్గర ఆయన ఫోన్ చేయడం లేదు. "ఎంతొచ్చింది?" అని అడగడం లేదు. అలక అంటే మరీ ఇంత అలకా! టన్నేజీ మీద కూడానా?

క్రోమ్ గుండు వంటింట్లో లేదు. వెతికితే ఆయన వైపు మంచం పక్కన బల్ల మీద, నీళ్ళ గ్లాసు దగ్గర ఉంది. అత్తయ్య పెట్టి ఉంటారు.

మార్చి 19

పెద్దాయన పిలిచారు. "అమ్మా, మీ ఆపిల్ బాగుంది, గుండ్లు బాగున్నాయి. రాగి మాత్రం చెరువుకే పోతోంది. నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత నా చేతుల్లో లేదు," అన్నారు. నవ్వుతూ "తప్పకుండా సార్," అన్నాను. నవ్వుతూనే బయటికొచ్చాను. నవ్వుతూనే ట్యాంకుల దగ్గరకెళ్ళి, ఎవరూ లేని చోట రెయిలింగు పట్టుకుని నురగను చూస్తూ నిలబడ్డాను. బుడగలు పెద్దవిగా, నీళ్ళగా ఉన్నాయి. రాగి ఎక్కిన బుడగ బరువుగా, మెరుస్తూ, బద్ధకంగా పొర్లుతుంది. ఇవి ఖాళీ చేతుల్తో వస్తున్నాయి.

మంచం మొత్తం నాదే. మంచం మొత్తం నాదే. ఏం చేసుకోను అంత మంచం?

మార్చి 21, గురువారం

ఈ రోజు గురించి రాయాల్సింది చాలా ఉంది. వరసగా రాస్తాను.

పొద్దున కళ్ళజోడు టెయిల్స్‌ని జల్లెళ్ళ మీద సైజుల వారీగా విడదీసి, దేంట్లో ఎంత రాగి పోతోందో చూసింది. "అక్కా, ముతక ముక్కల్లో రాగి లేదు. తుప్పు కూడా లేదు. మీ గుండ్లు చెయ్యాల్సింది చేశాయి. పోతున్న రాగి అంతా మెత్తటి పిండిలో ఉంది. మరీ దుమ్ములా నూరేశారు," అంది.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ముతకైతే ఇరుక్కుపోతుందని ఊరంతా చాటాను గానీ, మరీ మెత్తనైతే బుడగకి దొరకదని నాకు తెలియదా? ఎండలో ఎగిరే దుమ్ముని అరచేత్తో పట్టబోతే చేతిగాలికే పక్కకి తప్పుకుంటుంది. ఇదీ అంతే. బుడగ వస్తుంటే రేణువు పక్కకి జారిపోతుంది. జల్లెడ ఖాళీ అయిన రోజు ఎగిరి గంతేశానే తప్ప, గుండ్లు మారినంత మాత్రాన ఇంత మెత్తగా ఎలా వస్తుందని ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఇదే. నాది అసలు కాళ్ళే లేని కుందేలు.

గుండ్లు కాకపోతే ఏం మారింది? హెల్మెట్ పెట్టుకుని మిల్లు దగ్గరికి పరుగెత్తాను. మిల్లుగారు భోజనానికి వెళ్ళారు. బెల్టు చూశాను. ఎప్పుడూ గుట్టలా రాయి వచ్చే బెల్టు మీద పలచగా, పెళ్ళిలో ఆఖరి పంక్తి వాళ్ళకి వడ్డించినట్టు, అక్కడక్కడా రాళ్ళు.

"ఇదేమిటి?" అన్నాను.

మీసాలాయన అటూ ఇటూ చూసి, "సార్ ఆర్డరండి. మేడమ్ గుండ్లు సున్నితం, దీనికి తక్కువ పెట్టు, మిగిలింది మొదటి మిల్లుకి తోసెయ్యి అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. మీరు అడిగితే మాత్రం ఎలా దాస్తానండీ?"

నల్లబోర్డు వైపు చూశాను. మొదటి మిల్లు ఎదురుగా అంకె ఉంది. రెండో మిల్లు ఎదురుగా "ట్రయల్" అని రాసి ఉంది, అంకె లేదు.

నా ఒళ్ళు మండిపోయింది. బెల్టు ముట్టుకోనని అందరి ఎదుటా చేతిలో చెయ్యి వేసి, ఇంత కుట్రా! నన్ను ఓడించడానికి మిల్లుని పస్తు పెడతారా! ల్యాబుకి తిరిగి వెళుతూ దారి పొడుగునా తిట్టుకున్నాను. ఇంట్లో పడకూడని మాటలన్నీ రోడ్డు మీద పడ్డాయి.

ల్యాబు తలుపు దగ్గరకి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

చెడగొట్టాలనుకునేవాడు మిల్లుని పస్తు పెట్టడు. కుక్కుతాడు. గుట్టలు గుట్టలుగా పెట్టి, ముతకగా నా మొహాన కొట్టి, "చూశారా సార్, నగలు నూరలేదు," అంటాడు. చెడగొట్టడం ఆయనకి అంత తేలిక. తక్కువ పెడితే మెత్తగా వస్తుంది. మెత్తగా కావాలని ఇన్నేళ్ళుగా ఆయన చెవి దగ్గర జోరీగలా పోరింది ఎవరు? టన్నులు తగ్గితే ప్రాణం పోయినట్టు ఉండే మనిషి, బోర్డు మీద తన అంకె తనే రాయడం మానేసి, టిఫిన్ దగ్గర ఫోన్ చేయడం మానేసి, ఒట్టు తప్పి, నేను అడిగింది అడిగినట్టు ఇచ్చాడు. నేను గెలవాలని. తను వెళ్ళిపోకూడదని.

ల్యాబు గుమ్మంలో నిలబడితే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వచ్చాయి. కళ్ళజోడు తలెత్తి, "అక్కా, తుమ్మా?" అంది.

అదే రోజు, సాయంత్రం

ముగ్గురం టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఆయన తల వంచుకుని తింటున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"అత్తయ్యా, మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి."

"చెప్పవే, చెప్పు. ఎలాగూ నేను మీ పోస్టుమ్యాన్‌నే కదా."

"మిల్లుని పస్తు పెట్టొద్దని చెప్పండి. కడుపునిండా పెట్టమనండి."

ఆయన చేతిలో చెంచా ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. అత్తయ్య ఆయన వైపు తిరిగి, "ఏరా, మిల్లుకి తిండి పెట్టట్లేదా?" అన్నారు, ఇంట్లో పెంచుకునే ప్రాణి గురించి అడిగినట్టు.

ఆయన అత్తయ్యని దాటి నేరుగా నా వైపు చూశారు. ఎన్ని రోజులైందో.

"ఎంత పెట్టాలి?"

"ఎప్పుడూ పెట్టేంత."

"మెత్తగా రాదు."

"రాకపోయినా పర్వాలేదు. మరీ మెత్తగా ఉంటే బుడగకి అందటం లేదు."

ఆయన చెంచా పళ్ళెంలో పడేశారు. "ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా అని ఇన్నేళ్ళూ నా ప్రాణం తోడేసింది నువ్వు కాదూ?"

"తోడేశాను. ఒక్కసారి కూడా ఇవ్వలేదు కదా మీరు! ఇస్తారని నేనేం కల కన్నానా?"

"ఇస్తే ఇలా అవుతుందని నేను కల కన్నానా?"

"అడగొచ్చు కదా!"

"మాటల్లేవు కదా!"

ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. ఆయన ముందు నవ్వారు. లేదు, నేనే ముందు నవ్వాను. అత్తయ్య తన పళ్ళెం తీసుకుని లేచి, "అయితే నా ఉద్యోగం ఊడినట్టేగా. హమ్మయ్య. ఉప్పు అక్కడే ఉంది, మీరే ఇచ్చిపుచ్చుకోండి," అని టీవీ ముందుకి వెళ్ళిపోయారు.

"ఆ గుండు నా పక్కన ఎవరు పెట్టారో తెలుసా?" అన్నారాయన.

"అత్తయ్య అనుకున్నాను."

"నేనే," అన్నారు.

మార్చి 22

బెల్టు నిండా గుట్టలు గుట్టలుగా రాయి. మిల్లు చప్పుడు మారింది. ఆయన ఆ శబ్దం విని, "ఆకలి తీరింది దానికి," అన్నారు. మధ్యాహ్నానికి నురగ చిక్కబడింది. సాయంత్రానికి బుడగలు బరువెక్కి, మెరుస్తూ, బద్ధకంగా పొర్లడం మొదలుపెట్టాయి. నేను ఒక్క వాల్వు కూడా తిప్పలేదు. రెయిలింగు దగ్గర ఇద్దరం నిలబడి చూశాం. ఆయన తన జీవితంలో నా నురగని ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి. "బాగుంది," అన్నారు. "బాగుందా? అంతేనా?" అన్నాను. "చాలా బాగుంది," అన్నారు, అరువు ఇచ్చినట్టు.

మార్చి 25, సోమవారం

టెయిల్స్‌లో రాగి తగ్గింది! కళ్ళజోడుని పట్టుకుని గిర్రున తిప్పాను. కళ్ళజోడు కళ్ళజోడు ఊడిపోయింది. ఆ అమ్మాయి మొహంలో నవ్వు మొదటిసారి చూశాను. చాలా మంచి నవ్వు.

మార్చి 26

ఇంకా తగ్గింది.

మార్చి 29, శుక్రవారం

మీటింగు. పెద్దాయన కాగితాలు చూసి, "ఆఖరి వారం అద్భుతం. మొదటి పదిరోజులు ఘోరం. గుండ్లు అవే, వాల్వులు అవే. ఏం జరిగింది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మిల్లుగారు లేచారు. "బెల్టు తగ్గించింది నేనే సార్. మొదటి పదిరోజులూ మిల్లుని పస్తు పెట్టాను. ముట్టుకోనని మీ ఎదుట ఒట్టు వేసి, తప్పాను. అందుకే పిండి మరీ మెత్తనై రాగి పోయింది."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఎందుకయ్యా? నీకు ఆ గుండ్లంటేనే పడదు కదా!"

మిల్లుగారు హెల్మెట్ అంచుని తడుముతూ నిలబడ్డారు. టన్నుల గురించి గంటలు గంటలు మాట్లాడే మనిషి, ఒక్క మాట దొరక్క నేల చూపులు చూస్తున్నారు. చూడలేకపోయాను.

"నేనే అడిగాను సార్," అన్నాను. "పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతున్నాను. ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా అని. మొన్నే ఇచ్చారు."

పెద్దాయన ఆయన్ని చూశారు, నన్ను చూశారు, కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, "రెండో మిల్లు ఆగదు. దాంట్లో క్రోమ్ గుండ్లే ఉంటాయి. మొదటి దాని సంగతి?" అన్నారు.

మొదటి దాంట్లో కూడా క్రోమే వేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వైపు చూశాను. మొదటి మిల్లుకి వచ్చేవి పెద్ద రాళ్ళు. అంత ఎత్తు నుంచి ఆ రాళ్ళ మీద పడితే నా గుండ్లు పగులుతాయని ఆయన మొదటి నుంచీ చెబుతున్నారు. రెండో మిల్లుకి క్రషర్‌లో పగిలి వచ్చే చిన్న రాయి కాబట్టి బతికాయి. ఆ మాట నిజం. కోపంలో ఉన్నప్పుడు కూడా నిజమే.

"ఉక్కువే ఉండనివ్వండి సార్. మిల్లుగారు చెప్పింది సరైనదే," అన్నాను.

"కొత్త గనికి ఇంకెవరినైనా చూస్తాను," అన్నారు పెద్దాయన. "నువ్వు మాత్రం ఇకపై ఒట్లు వెయ్యకయ్యా. నీకు అచ్చిరావు."

మెట్ల మీద ఆయన రెండేసి మెట్లు దిగారు. స్టోర్సు గుమాస్తా తలెత్తి ఇద్దరినీ చూసి ఏమీ అడగలేదు.

మార్చి 31, ఆదివారం

టిఫిన్ దగ్గర ఫోన్ చేసి, "ఎంతొచ్చింది?" అని అడిగారు. అవతలి నుంచి ఏదో అంకె చెప్పారు. "శభాష్," అన్నారు. ఫోన్ పెట్టేసి, "అయినా సరే, ఉక్కు గుండ్లకి ఉన్న బలం వీటికి లేదు," అన్నారు. అత్తయ్య చేతిలోకి తిరిగొచ్చిన క్రోమ్ గుండు మిరియాల మీద ఫెళ్ళున పడింది. పగల్లేదు, గుండు సంగతి చెబుతున్నాను.

అలమారలో చోటు లేదు. గోడకి ఆకుపచ్చ లేదు. రాత్రి మంచంలో మూడు వంతులు ఆయనే ఆక్రమించారు. నేను అంచున పడుకుని, పడిపోకుండా ఆయన చొక్కా పట్టుకుని నిద్రపోయాను.